తోటకు గోడ కట్టని రాజు

చదును నేల మీద అగ్నిపర్వతం ఉందంటే నేను మొదట నమ్మలేదు. జర్మనీలో డెస్సావు పట్టణానికి తూర్పున వోర్లిట్స్ అనే చిన్న ఊరుంది. అక్కడి చెరువులో బండరాళ్ళు పేర్చి కట్టిన ఆ కొండను కళ్ళారా చూశాక, ఈ వేడుక ఎవరిదా అని ఆరా తీశాను.

అన్హాల్ట్-డెస్సావు సంస్థానాధిపతి లియోపోల్డ్ ఫ్రాంట్స్‌ది. 1740లో పుట్టాడు. పదిహేడేళ్ళకే, యుద్ధం సాగుతుండగా, ప్రష్యా సైన్యం నుంచి తప్పుకున్నాడు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కు ఒళ్ళు మండి ఆ చిన్న సంస్థానం నుంచి భారీగా సొమ్ము గుంజాడు.

కత్తి వదిలిన కుర్రవాడు వాస్తుశిల్పి ఎర్డ్‌మన్స్‌డార్ఫ్‌ను వెంటబెట్టుకుని ఇంగ్లండు, ఇటలీ తిరిగాడు. చూసినదల్లా ఇంట్లో కట్టుకున్నాడు! 1769–73 మధ్య వోర్లిట్స్ సౌధం లేచింది. ఇంగ్లండులోని ఇనుప వంతెనకు నాలుగోవంతు నమూనా 1791లో వచ్చింది. నేపుల్సులో చూసిన వెసూవియస్ 1794 నాటికి చెరువులో వెలిసింది. పండుగ రాత్రుల్లో దాని కడుపులో నిప్పు రాజేసేవారు.

ఆయనకు లూయిజా అనే రాణి ఉండేది. రాజుగారు మాత్రం తోటలోని గోతిక్ గృహంలో తోటమాలి కూతురితో కాపురం పెట్టాడు. కట్టడాల్లో కుదిరిన పొందిక సంసారంలో కుదరలేదన్నమాట.

అయినా ఒక్క సంగతికి ఆయనకు నమస్కరించాలి. ఇంత తోటకూ ప్రహరీ లేదు. ఆనాడే ఎవరైనా వచ్చి తిరగవచ్చు. నేను వెళ్ళిన రోజూ టిక్కెట్టు అడిగినవారు లేరు.

చివరకు బంగారు పూత పూసిన ఒక కలశం దగ్గర ఆగాను. పసికందుగా పోయిన తన కూతురి గుర్తుగా రాజు పెట్టించినదది. అక్కడ నిలబడితే చెట్ల సందుల్లోంచి ఒకవైపు చర్చి గోపురం, మరోవైపు యూదుల ప్రార్థనా మందిరం, రెండూ కనిపిస్తాయి. గుండ్రని ఆ మందిరాన్ని యూదు ప్రజల కోసం 1790లో ఆయనే కట్టించాడు.

రాజు 1817లో, డెబ్బై ఏడో పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు కన్నుమూశాడు. 1938 నవంబరులో జర్మనీ అంతటా యూదుల మందిరాలు తగలబడుతున్నప్పుడు, ఇక్కడికీ నాజీలు వచ్చారు. తోటల అధికారి అడ్డుపడి నిప్పు పెట్టనివ్వలేదు.

2000లో యునెస్కో ఈ తోటలను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. తిరిగి వస్తూ మరోసారి వెనక్కి చూశాను. అగ్నిపర్వతం మీదికి కాదు, ఆ గుండ్రని మందిరం మీదికే నా చూపు పోయింది.