పాత బైనాక్యులర్లు: ఎన్నిక, సంరక్షణ

ఇటలీ దేశీయుడగు ఇగ్నాజియో పోరో 1854లో రూపొందించిన పట్టకముల అమరికను ఆధారము చేసికొని, జర్మనీలోని జేనా నగరమున కార్ల్ జైస్ సంస్థ 1894లో బైనాక్యులర్ల విక్రయమును ప్రారంభించినది. ఆ పరంపరలో తూర్పు జర్మనీ కాలమున వెలువడిన 8×30 జెనోప్టెమ్ వంటివి నేటికిని సెకండ్‌హ్యాండ్ విపణిలో లభించుచున్నవి. ఇందు 8 అనునది దృశ్యము ఎన్ని రెట్లు పెద్దదగునో తెలుపును; 30 అనునది ముందు కటకపు వ్యాసము, మిల్లీమీటర్లలో.

కొనదలచినవారు మొదట టార్చి వెలుగును కటకములలోనికి ప్రసరింపజేసి పరికింపవలెను. సాలెపోగుల వంటి సన్నని తీగలు కానవచ్చినచో అది బూజు. ముదిరినచో అది గాజుమీది పూతనే కాక గాజును సైతము తినివేయును. పిదప దూరమందలి విద్యుత్ స్తంభమును రెండు కన్నులతోను చూడగా, అది రెండుగా తోచినను, కొంతసేపటికే తల నొచ్చినను, లోపలి పట్టకములు స్థానము తప్పినవేమోయని శంకింపవలెను. ఆ మరమ్మతు నిపుణులకే సాధ్యము, దాని వ్యయము ఒక్కొక్కప్పుడు కొన్న వెలనే మించును.

కటకములను చొక్కా అంచుతో తుడువరాదు, ఏలయన ఇసుక రేణువులు గీతలు పెట్టును. ముందుగా రబ్బరు బుడ్డితో ధూళిని ఊది, మెత్తని కుంచెతో విదిల్చి, ఆ తరువాతనే కటకములకై చేసిన వస్త్రమును వాడవలెను. తేమ మెండుగా గల మన కోస్తా జిల్లాలలో, తోలు సంచిలో మూసియుంచక, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లముతో భద్రపరచుట శ్రేయస్కరము.

పైతోలు చిరిగినను, రంగు వెలసినను సంకోచింపవలదు. గాజు నిర్మలముగాను, రెండు దృశ్యములు ఏకముగాను ఉన్న పరికరమునే కొనుడు.