పందిలో పెరిగి పసిపిల్లల మీదికి

మెదడువాపు వ్యాధి పందుల వల్ల వస్తుందంటారు. కానీ పందులు బాగానే తిరుగుతుంటాయి, పిల్లలేమో మూర్ఛలతో ఆస్పత్రి పాలవుతారు. ఎందుకిలా?

మన దేశంలో 1955లో వేలూరు ప్రాంతంలో తొలిసారి గుర్తించిన జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ సంగతి ఇది. దాని అసలు కాపురం కొంగల్లాంటి నీటి పక్షుల్లో. ఆ పక్షి రక్తం తాగిన క్యూలెక్స్ దోమ వెంటనే జబ్బును అంటించలేదు. వైరస్ దోమ పేగు గోడలో పెరిగి, లాలాజల గ్రంథుల దాకా పాకడానికి వారం పది రోజులు పడుతుంది. ఇక అక్కణ్నుంచి దోమ కుట్టినప్పుడల్లా, రక్తం గడ్డకట్టకుండా అది వదిలే లాలాజలంతో పాటు వైరస్ కూడా ఒంట్లోకి దిగుతుంది.

ఈ దోమలకు పుట్టిల్లు వరిమడి. నాట్లు వేసిన కొత్తలో గట్టు మీద కూర్చుని నీళ్లలోకి చూడండి. తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా వేలాడే సన్నటి పురుగులు కనిపిస్తాయి. తోక దగ్గరి గొట్టంతో అవి గాలి పీల్చుకుంటాయి. మనిషి అలికిడి తగిలితే చాలు, మెలికలు తిరుగుతూ అడుక్కి పోతాయి.

మరి పంది చేసేదేమిటి? దాని ఒంట్లో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. రెండు మూడు రోజులే రక్తంలో ఉన్నా, ఆ కాసిన్ని రోజుల్లో కుట్టిన దోమలెన్నిటికో అంటుకుంటుంది. ఎదిగిన పందికి సాధారణంగా పైకి ఏ జబ్బూ కనిపించదు. చూలు పందికి మాత్రం నష్టం ఘోరం: వైరస్ మాయ దాటి పిండాలను చేరుతుంది, పంది ఈసుకుపోతుంది, లేదా పిల్లలు చచ్చి పుడతాయి. ఒకసారి సోకిన పందికి రోగనిరోధక శక్తి వస్తుంది. అయినా ఈతకో గుంపు కొత్త పిల్లలు పుడుతూనే ఉంటాయి కదా, వైరస్‌కు కరువుండదు.

ఆవుల్ని, గేదెల్ని ఈ దోమలు ఇంకా ఎక్కువగా కుడతాయి. కానీ వాటి రక్తంలో వైరస్ దోమకు అంటేంతగా పెరగదు. గుర్రానికి మనలాగే మెదడు దెబ్బతింటుంది.

మనిషిలో వైరస్ చర్మం నుంచి లింఫు గ్రంథులకు, అక్కణ్నుంచి రక్తంలోకి వెళ్తుంది. చాలామందిలో శరీరం దాన్ని అక్కడే అణిచేస్తుంది. సోకిన సుమారు 250 మందిలో ఒకరికి మాత్రం మెదడులోకి చొరబడి నాడీకణాలను చంపుతుంది. దాన్ని ఎదిరించే క్రమంలో వచ్చే వాపు కూడా మెదడుకు హాని చేస్తుంది. తీవ్రజ్వరం, వాంతులు, మూర్ఛలు, స్పృహ తప్పడం ఇందువల్లే. వైరస్‌ను చంపే మందు లేదు. ఇంత ముదిరిన వారిలో 30 శాతం దాకా చనిపోతారు. బతికినవారిలో ఎందరికో మాట, నడక, చదువు మునుపటిలా రావు. ఆ తల్లిదండ్రుల కష్టం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాకే మొదలవుతుంది.

అయితే మనిషి నుంచి మనిషికి ఇది అంటదు. మన రక్తంలోనూ దోమకు అంటేంత వైరస్ ఉండదు. వినడానికి ఇది మంచి కబురే, కానీ ఇందులో ఒక చిక్కుంది. తట్టు లాంటి జబ్బుల్లో ఊళ్లో ఎక్కువమందికి టీకా పడితే మిగతా పిల్లలకూ కొంత కాపు దొరుకుతుంది. ఇక్కడ అలా కుదరదు. పొరుగింటి బిడ్డకు టీకా వేసినా కొంగల్లో, పందుల్లో వైరస్ తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఈ వ్యాధి ఉన్న జిల్లాల్లో ప్రతి బిడ్డకూ తొమ్మిది నెలలు నిండాక ఒక డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండో డోసు ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది.