పైలట్ పాఠం అప్పజెప్పాలి!

భట్టిప్రోలు మీదుగా ఎత్తున విమానం పోతుంటే పిల్లలు చేతులూపుతారు. అప్పుడు పైలట్ చెన్నై కంట్రోలర్‌తో రేడియోలో మాట్లాడుతూ ఉండొచ్చు. ఇంగ్లిషే, కానీ కాస్త వింతగా ఉంటుంది. రేడియో గరగరలో బీ, డీ, వీ, టీ ఒకేలా వినిపిస్తాయి కదా! అందుకే 'వీటీ'ని 'విక్టర్ టాంగో' అంటారు. తొమ్మిదేమో 'నైనర్'. కంట్రోలర్ చెప్పిన ఎత్తునీ రన్‌వే నంబరునీ పైలట్ పాఠంలా తిరిగి అప్పజెప్పాలి. తేడా ఉంటే కంట్రోలర్ వెంటనే సరిదిద్దుతాడు.

ఇంత పట్టింపు ఎందుకంటారా? 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో పొగమంచు కమ్మింది. 'టేకాఫ్ దగ్గరున్నాం' అని పైలట్ అంటే, ఇంకా ఆగే ఉన్నాడనుకున్నాడు కంట్రోలర్. విమానం అనుమతి లేకుండానే దూసుకెళ్లి, రన్‌వే మీదున్న మరో విమానాన్ని ఢీకొంది. 583 మంది చనిపోయారు. ఇప్పుడు 'టేకాఫ్' అన్న మాటను అనుమతి ఇవ్వడానికో, దాన్ని రద్దు చేయడానికో తప్ప వాడకూడదు. మిగతా సమయాల్లో 'డిపార్చర్' అనాల్సిందే.