రూపాయి లోపు అప్పు, నాలుగు రూపాయల అప్పు

గుడివాడలోనైనా అవనిగడ్డలోనైనా అప్పు మాటొస్తే ఏడాదికి ఎంత శాతం అని ఎవరూ అడగరు. నూటికి నెలకు ఎంత అన్నదే లెక్క. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. మూడు రూపాయలు అడిగితే నోటు రాయకుండానే లేచి వచ్చేస్తారు. అలా లేచి వచ్చిన మనిషి జేబులోనే క్రెడిట్ కార్డు ఉంటుంది. దాని వడ్డీని మాత్రం మన లెక్కలోకి మార్చి చూసుకోం.

మార్చి చూద్దాం. చాలా కార్డులు బాకీ మీద నెలకు 3.5 శాతం దాకా వేస్తాయి. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. కలిపితే నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు. ఇంటి అప్పు 8.5 శాతానికి తెచ్చారనుకుంటే, అది నూటికి 71 పైసలు.

నిజానికి కార్డు ఈ ప్రాంతానికి పరాయిదేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది. దేశంలో అందరికంటే ముందు కార్డులు తెచ్చిన బ్యాంకుల్లో అదొకటి. 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇక వడ్డీకి హద్దు ఉందా అంటే, కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. కాబట్టి కమిషన్ గీసిన ఆ గీత కూడా ఇప్పుడు లేదు.

ఇక అసలు లెక్క. బందరులో ఇల్లు కట్టుకున్న ఒక ఉద్యోగి ఉన్నారనుకుందాం. ఇంటి అప్పు 25 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం, నెల వాయిదా సుమారు 21,700. కార్డు మీద లక్షన్నర బాకీ, దానికి నెలకు 7,500 కడుతున్నారు. ఇంతలో ధాన్యం డబ్బో, చీటీ పాడిన డబ్బో లక్షన్నర చేతికొచ్చింది. ఎక్కడ కట్టాలి?

ఇంటి అప్పులో కట్టమనే వాళ్ల దగ్గర బలమైన అంకె ఒకటుంది. మొదట్లోనే లక్షన్నర కట్టి వాయిదా మార్చకుండా ఉంచితే అప్పు 33 నెలల ముందే తీరుతుంది, వడ్డీలో సుమారు 5.7 లక్షలు మిగులుతాయి. అంకెలో తప్పు లేదు. కాకపోతే అది 20 ఏళ్లకు మిగిలేది. అంతవరకూ కార్డు ఊరుకోదు కదా.

కార్డు బిల్లు తెరవండి. మొత్తం బాకీ పక్కనే మినిమమ్ డ్యూ అని చిన్న అంకె కనిపిస్తుంది, చూడగానే ప్రాణం లేచొస్తుంది. కానీ లక్షన్నర మీద నెల వడ్డీ 5,250, జీఎస్టీ 945, వెరసి 6,195. కట్టిన 7,500లో అసలుకు పోయింది 1,305 మాత్రమే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. ఈ రోజు కార్డు గీకి తెచ్చిన బియ్యం బస్తాకు ఈ రోజు నుంచే వడ్డీ.

రెండు దారులనూ ఒకే డబ్బుతో నడిపి చూద్దాం. మొదటి దారిలో లక్షన్నర ఇంటి అప్పులో వేసి, కార్డుకు నెలకు 7,500 కడుతూ పోతారు. కొత్తగా ఒక్క రూపాయి వాడకపోయినా బాకీ తీరడానికి సుమారు 43 నెలలు పడుతుంది. రెండో దారిలో కార్డు ఈ రోజే తీర్చేసి, ఆ 7,500ను నెలనెలా ఇంటి అప్పులో అదనంగా వేస్తారు. 43 నెలలయ్యేసరికి ఏ దారిలోనూ కార్డు బాకీ లేదు, రెండు దారుల్లోనూ జేబులోంచి తీసింది ఒక్కటే. కానీ రెండో దారిలో ఇంటి అప్పు సుమారు 1.74 లక్షలు తక్కువ ఉంటుంది. అలాగే ఆపకుండా కడితే 20 ఏళ్ల అప్పు 11 ఏళ్లకే తీరిపోతుంది. ఇంటి అప్పు తొందరగా తీరాలనుకునే వాళ్లు కూడా ముందు కార్డు దగ్గరికే వెళ్లాలన్నమాట.

చేతిలో డబ్బే లేకపోతే? ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువ పెట్టి కార్డు తీర్చడం మంచి పనే. పది శాతానికి దొరికితే లక్షన్నరకు నెల వడ్డీ 1,250. గడువు దాటితే నగ వేలానికి పోతుందన్నది మాత్రం గుర్తుండాలి. రెండు రూపాయల వడ్డీకిచ్చే ఊరి ఆసామి కూడా కార్డు కంటే చౌకే. ఆయన్ను మాత్రం జలగ అంటాం!

కార్డు తీరాకే ఇంటి అప్పు వంతు. అక్కడా తొందరపడి ఉన్నదంతా ఊడ్చి కట్టొద్దు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన వరి పనలు నీళ్లలో నానాయి. దివిసీమలో రొయ్యల చెరువులు నమ్ముకున్న వాళ్ల ఆదాయమూ అంతే, ఒక పంట పోతే నెలల తరబడి రాబడి ఉండదు. ఇంటి అప్పులో కట్టేసిన సొమ్ము మామూలుగా అవసరానికి వెనక్కి రాదు. మళ్లీ కార్డే గీకాల్సి వస్తుంది, మళ్లీ నాలుగు రూపాయలు. నాలుగైదు నెలల ఖర్చు పక్కన పెట్టుకుని, మిగిలిందే కట్టాలి. పాత పన్ను విధానంలో ఉండి, సొంతింటి వడ్డీ మీద 2 లక్షల దాకా మినహాయింపు తీసుకునే వాళ్లకైతే ఇంటి అప్పు 71 పైసల కంటే ఇంకా చౌకగా పడుతుంది. కొత్త విధానంలో, ఉంటున్న ఇంటికి ఆ మినహాయింపు లేదు.

చర వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పు ముందుగా తీర్చినందుకు వ్యక్తుల దగ్గర జరిమానా వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. అదనంగా కట్టిన రోజున వాయిదా తగ్గించొద్దని, గడువే తగ్గించమని బ్యాంకుకు కాగితం రాసివ్వండి.