పేరులో మొదటి అక్షరము

ఇంటిలో బిడ్డ పుట్టినదని తెలియగానే పెద్దలు అడుగు ప్రశ్నలు రెండు. ఆడపిల్లయా, మగపిల్లవాడా అనునది మొదటిది. ఏ నక్షత్రము, ఏ అక్షరము వచ్చినది అనునది రెండవది. బారసాలనాటికి పేరు నిశ్చయింపవలెను. తాతగారికి ఒక పేరు ఇష్టము, మేనత్తకు వేరొకటి, తల్లి మనసులో మరియొకటి. ఈ వాదమును తీర్చునది అక్షరమే అని మన మనుకొందుము. కాని అక్షరముకంటె బలమైనది మరియొకటి కలదు. పేరు విన్నంతనే మన మనసులో ఏర్పడు బొమ్మయే అది. "ఆ పేరు మరీ పల్లెటూరిది", "ఆ పేరు పెట్టిన బడిలో పిల్లలు నవ్వుదురు", "ఆ పేరు మనవారిది కాదు" అను మాటలన్నియు ఆ బొమ్మనుండి పుట్టినవే. నెల్లూరు సీమలోని పేర్లను తీసికొని ఈ రెండింటి ప్రభావ మెంతయో విచారింతము.

మొదట అక్షరము సంగతి. చంద్రుడు ఆకాశమున ఒక చుట్టు తిరుగుటకు 27 దినములకు పైగా పట్టును. ఆ మార్గమును మన పూర్వులు 27 నక్షత్రములుగను, ఒక్కొక్క నక్షత్రమును 4 పాదములుగను విభజించిరి. మొత్తము 108 పాదములు. పాదమున కొక అక్షరము. అశ్వినికి చూ, చే, చో, లా. మఖకు మా, మీ, మూ, మే. విశాఖకు తీ, తూ, తే, తో. ఒక పాదము గడచుటకు సుమారు 6 గంటల కాలము పట్టును. కావున ఒకే పూట మైపాడులో జాలరి ఇంట పుట్టిన బిడ్డకును, నెల్లూరు పట్టణమున వకీలు ఇంట పుట్టిన బిడ్డకును పంచాంగ మిచ్చునది ఒకే అక్షరము. అయినను ఆ యిద్దరికి ఒకే పేరు పెట్టుట అరుదు. అక్షర మొకటియై యుండగా పేర్లు వేరగుటకు కారణము పంచాంగములో లేదు, మనలోనే యున్నది.

ఇంతకును ఆ 108 అక్షరములతో పేర్లు కూర్చుట సాధ్యము కాదు. ఆర్ద్రానక్షత్రమునకు వచ్చు ఙకారముతో గాని, హస్తకు వచ్చు ణకారముతో గాని మొదలగు తెలుగు పే రేది? ఈ చిక్కునకు పూర్వాచారములోనే పరిష్కారము కలదు. ఆపస్తంబ గృహ్యసూత్రము నక్షత్రనామమును రహస్యముగా ఉంచుమని చెప్పినది. నలుగురు పిలుచుకొను పేరు వేరు. మగపిల్లవాని పేరున రెండో నాలుగో అక్షరములును, ఆడపిల్ల పేరున బేసిసంఖ్య అక్షరములును ఉండవలెనని ఆ సూత్రము. కావున నక్షత్రాక్షరముతో మొదలు కాని పేరు పెట్టినచో అపచారము జరుగునని భయపడుటకు ఆధారము లేదు.

ఇక బొమ్మ సంగతి. పేరును బట్టి మనిషిని నిర్ణయించుట క్రొత్త విషయము కాదు. మనుస్మృతి రెండవ అధ్యాయమున బ్రాహ్మణుని పేరు మంగళమును, క్షత్రియుని పేరు బలమును, వైశ్యుని పేరు ధనమును తెలుపవలెననియు, శూద్రుని పేరు నింద్యముగా ఉండవలెననియు విధింపబడినది. అనగా పేరు వినుటతోనే మనిషిని ఏ మెట్టుపై నిలుపవలెనో తెలియవలెనన్న మాట. ఆ విధి గ్రంథములలోనే యున్నను దాని నీడ మన చెవులలో ఇంకను మిగిలియున్నది. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టివెల్ అను పరిశోధకులు ప్రకటించిన ఒక పరిశీలన ఇందుకు నిదర్శనము. సమానమైన అర్హతలు గల దరఖాస్తులను పేర్లు మాత్రము మార్చి వారు ప్రైవేటు సంస్థలకు పంపిరి. అగ్రవర్ణముల వారివిగా తోచు పేర్లతో పోల్చినచో, దళితులవిగాను ముస్లిములవిగాను తోచు పేర్లకు పిలుపులు తక్కువగా వచ్చినవి. బారసాలనాడు మనము తేలికగా అను మాట ఇరువది యేండ్ల తరువాత ఒకరి ఉద్యోగమునకు అడ్డు రాగలదు.

మన సీమ పేర్లలో పలువాటికి మూలము క్షేత్రములు. పెంచలకోన నరసింహస్వామి పేరిట పెంచలయ్య, పెంచలమ్మ. జొన్నవాడ అమ్మవారి పేరిట కామాక్షమ్మ. సూళ్లూరుపేట చెంగాళమ్మ పేరిట చెంగయ్య, చెంగమ్మ. పోలేరమ్మ పేరిట పోలయ్య, పోలమ్మ. కసుమూరు మస్తాన్ వలీ దర్గాకు మ్రొక్కుకొని పుట్టిన బిడ్డలకు హిందువుల ఇండ్లలో సైతము మస్తానయ్య, మస్తానమ్మ అని పేరిడుట ఈ ప్రాంతమున ఉన్న ఆచారమే. పేరు చూచి మతము చెప్పగలమను వారు నెల్లూరు సీమకు వచ్చి ఒక ఓటర్ల పట్టికను చదివినచో వారి ధైర్యము సడలును.

మరికొన్ని పేర్లు భయమునుండి పుట్టినవి. బిడ్డలు దక్కని ఇండ్లలో మృత్యువు దృష్టి పడకుండ పుల్లయ్య, పెంటయ్య, పిచ్చయ్య అని పిలిచెడివారు. తిని పారవేసిన పుల్లాకు, పెంటకుప్ప, బిచ్చము అనునవి వాని అర్థములు. పిచ్చయ్యలోని 'పిచ్చ' ఉన్మాదము కాదు. అరవమున బిచ్చమునకు 'పిచ్చై' అని పేరు. గూగుల్ సంస్థ అధిపతి సుందర్ పిచ్చై పేరున నున్నది ఆ మాటయే. దానినే మన చెవి వేరుగా విని నవ్వుచున్నది. ఒక తల్లి బిడ్డ బ్రదుకవలెనని పెట్టుకొన్న పేరు తరువాతి తరమున పరిహాసమునకు గురియైనది.

ఇట్టి బొమ్మలు ఎంత నిలుకడ లేనివో తెలిసికొనుటకు మూడు ఉదాహరణములు చాలును. పదమూడవ శతాబ్దమున నెల్లూరు ప్రభువైన మనుమసిద్ధి కొలువులో మంత్రియై, మహాభారతమున పదునైదు పర్వములు తెనిగించిన మహాకవి పేరు తిక్కన. విశాఖ మొదటి పాదమున పుట్టిన బిడ్డకు 'తి' అక్షరము సరిపోవును. కాని నేడు ఆ పేరు పెట్టు తల్లిదండ్రులు లేరు. 'తిక్క' అను మాట అడ్డుపడుచున్నది. సుబ్బారావు అను పేరును హాస్యకథలలో అమాయకులకు తగిలించిరి. ఫోలిక్ ఆమ్లము మీద, రక్తహీనతకు మందుల మీద కృషి చేసిన యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) పేరును శాస్త్రజ్ఞులు గౌరవముతో తలతురు.

మూడవది మన జిల్లా పేరే. 'పొట్టి' అను ఇంటిపేరు గల బాలుడు ఏ బడిలో చేరినను తోడి పిల్లలు ఊరకుందురా? ఆ ఇంటిపేరు గల శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష పూని, 58 దినముల పిమ్మట డిసెంబరు 15న ప్రాణములర్పించిరి. 2008లో నెల్లూరు జిల్లాకు ఆయన పేరిడిరి. ఇప్పుడు శ్రీ పొట్టి శ్రీరాములు అన్నప్పుడు ఆ మాటకు అర్థము పొడవు పొట్టి కొలతలకు సంబంధించినదని ఎవరికిని తోచదు.

ఇంటిపేరును ఒక్క అక్షరముగా కుదించు అలవాటు గూడ గమనింపదగినది. అలగానిపాడులో 1913లో పుట్టిన సుందరరామిరెడ్డి కులమును తెలుపు తోకను విడిచి పుచ్చలపల్లి సుందరయ్య అయ్యెను. 'పి. సుందరయ్య' అని వ్రాసినను, 'పి. శ్రీరాములు' అని వ్రాసినను మొదట నిలుచునది ఒకే ఆంగ్లాక్షరము. ఇంటిపేరు చెప్పెడి కులగోత్రముల కథను ఆ యొక్క అక్షరము కప్పివేయును. దానివలన కొందరికి మేలు జరిగినది.

నేటి తల్లిదండ్రులు తమ పేర్లలోని తొలి అక్షరములను కలిపి బిడ్డకు క్రొత్త పేరు కూర్చుట మిక్కిలిగా చూచుచున్నాము. మనుష్యులకు తమ పేరులోని అక్షరములయందు ఇతర అక్షరములకంటె మక్కువ ఎక్కువ అని బెల్జియము మనస్తత్వవేత్త యోజెఫ్ నుటిన్ 1985లో చూపెను. ఆ మక్కువ ఇందుకు కొంత కారణము కావచ్చును. అందు తప్పు లేదు. కాని ఆ పేరును మోయవలసినది బిడ్డ.

తొందరపడ నక్కరలేదు. జననమును 21 దినములలోగా నమోదు చేయింపవలెను గాని, పేరు లేకయే నమోదు చేయించి, సంవత్సరములోపల రుసుము లేకుండ పేరు చేర్పించుకొనవచ్చును. కావున మూడు విషయములు విచారించుట మంచిది. నాయనమ్మ నోటికి ఆ పేరు పలుకునా? బిడ్డ పెద్దయై అర్థ మడిగినప్పుడు చెప్పగలమా? వలదన్న పేరును ఎందుకు వలదంటిమి, పేరు బాగులేకయా, అది ఎవరి పేరుగా మనకు తోచుచున్నదో అందుకా? ఈ కడపటి ప్రశ్నకు ఇంటిల్లిపాది నిజము చెప్పుకొన్నచో, పెంచలయ్యకును మస్తానమ్మకును మరల ఏ ఉయ్యాలలోనైన చోటు దొరకవచ్చును.