ఎరువుల మోతాదు లెక్కలు: ప్రమాణాల మార్పిడిలో వాస్తవ సంఖ్యల ధర్మాలు

పరిశోధన సిఫారసులు హెక్టారుకు ఇన్ని కిలోల పోషకం అనే రూపంలో వెలువడతాయి. రైతు అడిగేది ఎకరానికి ఎన్ని బస్తాలు అని. ఈ రెంటి మధ్య లెక్కను సరిచూసే బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తది. అందుకు అవసరమైన గణితం పాఠశాల స్థాయిదే. పొరపాట్లు మాత్రం పంటను దెబ్బతీసే స్థాయివి.

ఏ వాస్తవ సంఖ్యనైనా గుణకార తత్సమాంశమైన 1తో గుణిస్తే విలువ మారదు. 1 హెక్టారు 2.471 ఎకరాలకు సమానం కనుక '1 హెక్టారు / 2.471 ఎకరాలు' అనే భిన్నం విలువ 1. ప్రమాణాల మార్పిడి అంటే ఇటువంటి 1తో గుణించడమే. ఉదాహరణకు, హెక్టారుకు 120 కిలోల నత్రజనిని పూర్తిగా యూరియా (46 శాతం నత్రజని) ద్వారా వేయాలనుకుంటే, 120ని 2.471తో, 0.46తో, బస్తా బరువైన 45తో భాగించాలి. ఎకరానికి 2.35 బస్తాలు వస్తుంది. భాగహారాన్ని విలోమంతో గుణకారంగా భావిస్తే స్థిత్యంతర, సహచర ధర్మాలు వర్తిస్తాయి. కాబట్టి ఏ క్రమంలో చేసినా ఫలితం ఒకటే. యూరియా బస్తా 2018లో 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గింది. పాత అలవాటుతో 50 వాడితే పైరుకు పదోవంతు నత్రజని తగ్గుతుంది.

దీనికంటే పెద్ద పొరపాటు భిన్నాన్ని తలకిందులు చేయడం. 0.46తో భాగించడానికి బదులు గుణిస్తే 260.9 కిలోల యూరియా కాస్తా 55.2 కిలోలవుతుంది. తప్పు గుణకమంత కాదు, గుణక వర్గమంత: 0.46 వర్గం 0.21, అంటే అయిదోవంతు మోతాదు. అదే హెక్టారు, ఎకరాల మధ్య జరిగితే 2.471 వర్గం, అంటే ఆరు రెట్లు. ప్రమాణాలను సంఖ్యల పక్కనే రాసి కొట్టివేస్తూ పోతే ఈ తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. విద్యార్థులు సూత్రాన్ని కంఠస్థం చేయడం కంటే ఈ అలవాటు మేలు.

తీసివేత విషయం వేరు. హెక్టారుకు 60 కిలోల భాస్వరాన్ని డి.ఎ.పి. (18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం) ద్వారా ఇస్తే 130.4 కిలోల డి.ఎ.పి. కావాలి. దాని నుంచి 23.5 కిలోల నత్రజని లభిస్తుంది. మిగిలిన 96.5 కిలోలకు 209.8 కిలోల యూరియా చాలు. విభాగ న్యాయం ప్రకారం 260.9 నుంచి 51.1 తీసివేసినా అదే ఫలితం. 260.9 కిలోల యూరియా నుంచి 130.4 కిలోల డి.ఎ.పి.ని తీసివేయడం మాత్రం అర్థం లేని పని. రెండూ కిలోలే అయినా ఒకే పదార్థం కావు. ఇక్కడ భాస్వరం అంటే భాస్వర పెంటాక్సైడ్. కొన్ని విదేశీ పత్రాలు మూలక భాస్వరాన్ని పేర్కొంటాయి. అప్పుడు 60 కిలోలు 26.2 కిలోలుగా కనిపిస్తుంది. దాన్ని పెంటాక్సైడ్‌గా చదివితే పంటకు సగం కూడా అందదు.

అమెరికా పత్రాల్లో ఫారన్‌హీట్‌లో ఇచ్చే ఉష్ణ దినాల విషయంలోనూ విభాగ న్యాయమే దారి చూపుతుంది. ఉష్ణోగ్రతను మార్చేటప్పుడు 1.8తో గుణించి 32 కలుపుతాము. ఉష్ణ దినం రెండు ఉష్ణోగ్రతల తేడా కాబట్టి ఆ 32 రెండువైపులా రద్దయి 1.8 మాత్రమే మిగులుతుంది. 2,700 ఫారన్‌హీట్ ఉష్ణ దినాలు 1,500 సెల్సియస్ ఉష్ణ దినాలు. ముందుగా 32 తీసివేసినవారికి 1,482 వస్తుంది; తేడా స్వల్పం కావడంతో తప్పు కంటపడదు. అదే పద్ధతిని రోజువారీ లెక్కకు వాడితే 32.4 ఫారన్‌హీట్ ఉష్ణ దినాలు 18కి బదులు 0.2గా తేలుతాయి.