విట్లీ భవంతి నేలమాళిగలో అణుయుగం

పాత భవంతి, వంశాన్ని వెంటాడే శాపం, ఆ ఇంటి పేరెత్తితేనే ముఖం చాటేసే ఊరిజనం వంటి దయ్యాల కథల సామగ్రినంతా తీసుకుని, ఆ భయానికి అసలు మూలం దయ్యం కాదు, రేడియోధార్మికత అని చెప్పిన చిత్రం ‘డై, మాన్‌స్టర్, డై!’. అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ 1965లో విడుదల చేసిన ఈ చిత్రం సుమారు 80 నిమిషాల చిన్న ప్రయత్నమే అయినా, మంత్రాల మీది భయం విజ్ఞానం మీది భయంగా మారుతున్న కాలాన్ని చక్కగా పట్టుకుంది.

దీనికి ఆధారం అమెరికన్ రచయిత హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ 1927లో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రికలో ప్రచురించిన ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’ కథ. అందులో మసాచుసెట్స్ రైతు ఒకరి పొలంలో ఉల్క పడుతుంది. దానితో వచ్చిన, మనిషి ఎరిగిన ఏ వర్ణంలోనూ చేరని ఒక రంగు పంటను, పశువులను, చివరికి మనుషులను పీల్చి పిప్పి చేస్తుంది. ఎవరూ చూడని రంగును తెరపై చూపడం అసాధ్యం కనుక, చిత్రం దాని స్థానంలో ఆకుపచ్చ కాంతిని చిమ్మే రేడియోధార్మిక శిలను నిలిపి, కథను ఇంగ్లండ్‌కు, రైతు ఇంటి నుంచి జమీందారీ భవంతికి తరలించింది.

ఈ చిత్రంతో తొలిసారి దర్శకత్వం చేపట్టిన డేనియల్ హాలర్ అంతకుముందు రోజర్ కోర్మన్ తీసిన ఎడ్గార్ అలన్ పో కథాచిత్రాలకు కళాదర్శకుడు కావడం వల్ల, శిథిలవైభవాన్ని తెరకెక్కించే విద్య ఆయనకు బాగా తెలుసు. భవంతి బయటి దృశ్యాలకు ఎంచుకున్నది థేమ్స్ నది ఒడ్డున 1859లో కట్టిన ఓక్లీ కోర్ట్. మొనదేలిన గోపురాలతో గంభీరంగా కనిపించే ఈ కట్టడం హ్యామర్ సంస్థ తీసిన పలు భయానక చిత్రాల్లోనూ కనిపిస్తుంది.

ప్రేయసి సూసన్‌ను చూడవచ్చిన అమెరికన్ యువకుడు స్టీఫెన్‌ను విట్లీ భవంతికి చేర్చడానికి ఊళ్లో ఎవరూ ముందుకు రారు. అతడు కాలినడకన మాడిపోయిన నేలను, ఒక పెద్ద గోతిని దాటి వెళితే, చక్రాల కుర్చీలో ఉన్న సూసన్ తండ్రి నాహం వెంటనే తిరిగి పొమ్మంటాడు. తెరచాటు మంచంపై వ్యాధితో కుములుతున్న తల్లి లెటీషియా మాత్రం, పూర్వికుడు కోర్బిన్ చేసిన క్షుద్రపూజల ఫలమే ఈ దురవస్థ అని నమ్మి, కూతురిని తీసుకుపొమ్మని స్టీఫెన్‌ను వేడుకుంటుంది. నాహం నమ్మకం వేరు: ఆకాశం నుంచి పడిన శిలతో భూమిని సారవంతం చేసి, వంశానికి అంటిన మచ్చను చెరిపేయవచ్చని అతడు ఆశిస్తాడు.

ఆ ఆశ ఎక్కడికి దారితీసిందో గ్రీన్‌హౌస్, అంటే మొక్కల కోసం కట్టిన గాజు గది, చూపుతుంది. అక్కడ మొక్కలు రాక్షసాకారంలో పెరిగి ఉంటాయి, వాటి మట్టిలో శిల ముక్కలు దాగి ఉంటాయి, పక్క గదిలోని బోనుల్లో వికృతరూపం దాల్చిన జీవులు అరుస్తుంటాయి. నాహం ఆశ ఆ కాలానికి వింతైనదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత పలు దేశాల్లో శాస్త్రజ్ఞులు కోబాల్ట్-60 నుంచి వెలువడే గామా కిరణాలు మొక్కలకు సోకేలా చేసి, ఉత్పరివర్తనాల ద్వారా, అంటే జన్యువుల్లో కలిగే మార్పుల ద్వారా, మేలైన వంగడాలు సాధించాలని చూశారు; ఇంగ్లండ్‌లో మ్యూరియల్ హోవర్త్ 1959లో ‘అటామిక్ గార్డెనింగ్ సొసైటీ’ని స్థాపించి, కిరణాలు సోకిన విత్తనాలను సామాన్యుల పెరటి తోటల్లోకి తీసుకువెళ్లారు. ప్రయోగం పదిమంది కళ్లముందు జరిగినంతవరకు శాస్త్రమే. నాహం దానిని నేలమాళిగలో దాచి, భార్య, పనివాళ్లు కృశిస్తున్నా ఆపకపోవడంతో అది క్షుద్రవిద్యకు ఏమాత్రం తీసిపోనిదిగా మారింది.

1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’తో జగద్విఖ్యాతుడైన బోరిస్ కార్లాఫ్ 77 ఏళ్ల వయసులో నాహం పాత్రను క్రూరుడిగా కాక, తప్పును ఒప్పుకోవడానికి అహం అడ్డొచ్చిన గృహస్థుగా పోషించారు. చివరి ఘట్టంలో శిల ప్రభావానికి లోనైన నాహం వెలిగే దేహంతో అందరినీ తరమడం సాధారణ రాక్షస చిత్రాల బాటలో సాగి, అప్పటిదాకా కూడగట్టిన బిగువును కొంత సడలిస్తుంది. అయినప్పటికీ, పూర్వికుల పాపాన్ని కడిగేయాలన్న తొందరలో కొత్త పాపానికి ఒడిగట్టిన మనిషి కథగా ఈ చిత్రం నేటికీ చూడదగినది. ఎందుకంటే ఇందులో విట్లీ వంశాన్ని కూల్చింది ఉల్క ఒక్కటే కాదు, దాని కీడు కళ్లారా చూస్తూ కూడా నోరు విప్పని ఇంటి యజమాని మౌనం.